ప్రెషర్ బాగుందని నిశ్చింతగా ఉండకండి

కంటి డాక్టరు దగ్గరికి వెళతాం. ప్రెషర్ చూస్తారు. 16 అనో 17 అనో వస్తుంది. నార్మలే అంటారు. ఆ మాట చెవిన పడగానే గుండె మీద బరువు దిగిపోతుంది. ఇక నాలుగైదేళ్లు కళ్ల సంగతి తలచుకోం. దయచేసి ఈ పద్ధతి మానుకోండి. ప్రెషర్ మామూలుగా ఉన్న కంట్లో కూడా నరం చచ్చిపోగలదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపులో తేడా తెలియదు. తెలిసేసరికి పోయినంత పోయి ఉంటుంది.

నీటికాసులంటే, అంటే గ్లాకోమా అంటే, కంట్లో ప్రెషర్ పెరిగే జబ్బని చాలామందికి తెలుసు. అది సగం నిజమే. మిగతా సగం తెలియకనే ఎందరో చూపు పోగొట్టుకుంటున్నారు. ఆ మిగతా సగాన్ని ఇప్పుడు ప్రయోగశాలల్లో ఎలుకలు చూపిస్తున్నాయి. ఎలుకల మీద పరిశోధనతో మనకేం పని అనుకోకండి. కాస్త ఓపికగా వినండి.

జర్మనీలో బోఖుమ్ నగరంలోని రూర్ విశ్వవిద్యాలయంలో స్టెఫనీ యోఆఖిమ్ బృందం ఏళ్ల తరబడి ఈ పని చేస్తోంది. కంటి నరం నుంచి తీసిన ప్రొటీన్లను గానీ, నాడీకణాలకు అండగా ఉండే కణాల్లో దొరికే ఎస్100బి అనే ప్రొటీన్‌ను గానీ ఎలుక ఒంట్లోకి టీకా వేసినట్టు ఎక్కిస్తారు. కంటి జోలికి పోరు. దాన్ని గాయపరచరు, ప్రెషర్ పెంచరు. ఎలుక ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ ప్రొటీన్‌ను శత్రువనుకుంటుంది, దాని మీదికి యాంటీబాడీలను తయారు చేస్తుంది. అవే ప్రొటీన్లు ఎలుక సొంత కంట్లోనూ ఉన్నాయి కదా! దాడి అటు మళ్లుతుంది. నాలుగు వారాలయ్యేసరికి రెటీనాలో గ్యాంగ్లియన్ కణాలు తగ్గిపోతాయి. చూపును మెదడుకు చేరవేసేవి ఆ కణాలే. వాటితో పాటే కంటి నరమూ దెబ్బతింటుంది. ఈ నాలుగు వారాలూ ప్రెషర్ కొలుస్తూనే ఉంటారు. అది పెరగదు.

ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కంటి మీదే తిరగబడే ఈ నమూనాను ఆటోఇమ్యూన్ గ్లాకోమా అంటున్నారు. 2008లో అమెరికాలో మార్టిన్ వ్యాక్స్, గుల్గున్ తేజెల్ తదితరులు కణాలు ఒత్తిడికి లోనైనప్పుడు తయారు చేసుకునే హీట్‌షాక్ ప్రొటీన్లను ఎక్కించినప్పుడూ ఎలుకల్లో గ్యాంగ్లియన్ కణాలు ఇలాగే పోయాయి. అంతకుముందే, 1990లలోనే, ప్రెషర్ మామూలుగా ఉండి నీటికాసులు వచ్చిన రోగుల రక్తంలో వ్యాక్స్ బృందం ఇలాంటి యాంటీబాడీలను గమనించింది. అంటే ఈ ఆలోచన ఎలుకతో మొదలవలేదు. మనిషిలో అనుమానం వచ్చాకే ఎలుకలో వెతికారు.

ఇక ఈ దాడిని ముందే పసిగట్టడానికి పరిశోధకులు చూసే కంటి లోపలి నీటి సంగతి. కంటి ముందు భాగంలో ఆక్వియస్ అనే పల్చటి నీరుంటుంది. నిమిషానికి రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున ఊరుతూ, అంతే చొప్పున బయటికి పోతూ ఉంటుంది. వెనక భాగంలో, రెటీనాను ఆనుకుని, విట్రియస్ అనే జెల్లీ ఉంటుంది. రక్తానికీ కంటికీ మధ్య గట్టి అడ్డుగోడ ఉంది. అందుకే ఆరోగ్యమైన కంట్లో ఆ ముందరి నీటిలో ప్రొటీన్ అతి తక్కువ. రక్తంలో ఉండేదాంట్లో నూరో వంతు కూడా ఉండదు. అంత తేటగా ఉండే నీటిలో ప్రొటీన్ల లెక్క మారిందంటే లోపల ఏదో మొదలైందనే అర్థం. రక్షణ వ్యవస్థ ప్రొటీన్లు చొరబడ్డాయా, బాధపడుతున్న కణాలు విడిచే ప్రొటీన్లు తేలాయా, కణాలను కాపాడేవి తగ్గాయా అని పరిశోధకులు ఆ చుక్క నీటిలో వెతుకుతారు.

ఎందుకు వెతుకుతారంటే, జబ్బు ముదిరే వరస అలా ఉంది కనుక. కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల గుంపు ఒకటి మన ఒంట్లో ఉంటుంది. క్రిముల గోడకు తూట్లు పొడిచి చంపడం దాని పని. ఈ ఎలుకల రెటీనాలోనూ కంటి నరంలోనూ అది గ్యాంగ్లియన్ కణాల సంఖ్య తగ్గకముందే రంగంలోకి దిగుతుందని బోఖుమ్ బృందం చూపించింది. కాంప్లిమెంట్‌ను అడ్డుకునే యాంటీబాడీని కంట్లోకి ఎక్కిస్తే ఎలుకల్లో నష్టం తగ్గిందని కూడా చూపించింది. వరసను గుర్తుపెట్టుకోండి. ముందు ప్రొటీన్లు మారతాయి. తర్వాత కణాలు పోతాయి. నరం సన్నబడుతుంది. చూపు తగ్గడమన్నది ఎక్కడో చివర. ప్రెషర్ పెరగడం ఈ వరసలో ఎక్కడా లేదు.

ఎలుక మనిషి కాదు. ఒప్పుకుందాం. టీకా వేసి నాలుగు వారాల్లో తెప్పించిన జబ్బూ, మనకు 40 దాటాక ఏళ్ల మీద ముదిరే జబ్బూ ఒకటేనని ఏ శాస్త్రవేత్తా అనడం లేదు. రోగుల రక్తంలో కనిపించే యాంటీబాడీలు జబ్బుకు కారణమా, లేక నరం దెబ్బతిన్నాక వచ్చిన ఫలితమా అన్న వాదన ఇంకా తెగలేదు. అయినా ఒక్క విషయంలో ఎలుక కన్ను చెప్పిందే మన ఊళ్ల మనుషుల కళ్లూ చెప్పాయి. అది మాత్రం కొట్టిపారేయలేం.

1996–2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే చేశారు. హైదరాబాద్‌లో చూసినవాళ్లలో 40 ఏళ్లు దాటిన నూటికి రెండున్నర మందికి, నొప్పి లేకుండా ముదిరే ఓపెన్ యాంగిల్ రకం నీటికాసులు బయటపడ్డాయి. ఈ జబ్బు తేలినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి పరీక్ష చేసిన రోజున ప్రెషర్ 22 లోపే, అంటే మామూలుగానే ఉంది. 90 శాతానికి పైగా మందికి తమకు జబ్బుందన్న సంగతే అంతవరకూ తెలియదు. సగం మందికి నరం అప్పటికే తీవ్రంగా దెబ్బతింది. ఇది మన ఇరుగుపొరుగు లెక్క. జపాన్‌లో తాజిమి పట్టణంలో 2000–01లో చేసిన సర్వేలోనైతే ఇలాంటి రోగుల్లో 92 శాతం మందికి ప్రెషర్ 21 దాటలేదు.

మరి ఎందుకు తెలియదు? ఒక కంట్లో కనపడని చోటును రెండో కన్ను పూడ్చేస్తుంది. మిగిలిన ఖాళీని మెదడు ఊహించి నింపేస్తుంది. నల్ల మచ్చ ఏదీ కనపడదు. నడిమి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది కాబట్టి పేపరు చదువుతూనే ఉంటాం, సెల్‌ఫోన్ చూస్తూనే ఉంటాం, కంటి డాక్టరు గోడ మీది చివరి వరస అక్షరాలు కూడా చదివేస్తాం. చుట్టూ చూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్టులో మచ్చ తేలేసరికే గ్యాంగ్లియన్ కణాల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పోయి ఉంటాయి. చెదలు పట్టిన ద్వారబంధానికి పైన రంగు చెక్కుచెదరదు. వేలితో నొక్కినప్పుడు గానీ లోపల గుల్ల అయిందని తెలియదు. కంటి నరం కూడా అంతే.

కాబట్టి కొన్ని చిన్న చిన్న తేడాలను కొట్టిపారేయకండి. మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు అందక తడబడుతున్నారా? గుమ్మానికి ఎప్పుడూ ఒకే భుజం తగులుతోందా? పక్కనుంచి వచ్చే మోటారు సైకిలు దగ్గరికి వచ్చేదాకా కనపడటం లేదా? ఎండలోంచి ఇంట్లోకి వస్తే చాలాసేపు ఏమీ కనపడటం లేదా? రాత్రిపూట బండి నడపడమంటే ఈమధ్య భయమేస్తోందా? అద్దాలు మార్చినా మార్చినా చూపు కుదరడం లేదా? వయసు మీద పడిందిలే అని సర్దిపెట్టుకోకండి. వారానికోసారి ఒక కన్ను మూసి రెండో కంటితో గోడ గడియారాన్ని, గది నాలుగు మూలలను చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. ఇది పరీక్షకు బదులు కాదు. పరీక్షకు వెళ్లాలన్న బుద్ధి పుట్టించడానికి మాత్రమే.

పరీక్ష అంటే ఏ పరీక్ష? కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్ ముందు గడ్డం ఆనించి నంబరు చూపించుకోవడం నరం పరీక్ష కాదు. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాలు మొదలయ్యాయి. లక్షల మందికి కళ్లద్దాలు అందాయి. మంచి పని జరిగింది. అయితే అద్దాలు వచ్చాయి కదా, ఇక కళ్లు బాగున్నట్టే అనుకుంటే అక్కడే మోసపోతాం. చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేసి, లోపలి నరం తలను కంటి డాక్టరు స్వయంగా చూడాలి. అనుమానమొస్తే ఫీల్డ్ టెస్టు, నరం పొర మందాన్ని కొలిచే ఓసీటీ స్కాను చేయించాలి. చుక్కలు వేస్తే నాలుగు గంటలు చూపు మసకగా ఉంటుందని, ఆఫీసుకు సెలవు పెట్టాలని వద్దనకండి. ఏడాదికో రెండేళ్లకో ఒక్కపూట. దయచేసి ఆ పూటను కంటికి ఇవ్వండి.

ప్రెషర్ అంకె కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. నల్లగుడ్డు మీది పొర పల్చగా ఉన్నవాళ్లకు ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. పెళ్లికి ముందు అద్దాలు తీసేయాలని లాసిక్ చేయించుకున్న మన పిల్లలు వేలల్లో ఉన్నారు. లాసిక్ ఆ పొరను పల్చన చేస్తుంది. పదేళ్ల తర్వాత ప్రెషర్ చూపించుకుంటే నమ్మించి మోసగించే మంచి అంకె వస్తుంది. పైగా అద్దాల నంబరు మైనస్ ఎక్కువున్నవాళ్లకు నీటికాసుల ముప్పు మామూలుకన్నా ఎక్కువ. లాసిక్ అయిందని, అంతకుముందు నంబరు ఎంతుండేదని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అమెరికాలో ఉన్న పిల్లలారా, మీరూ చెప్పండి. అడిగితేనే చెబుదామని ఊరుకోకండి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం. నీటికాసుల్లో రక్షణ వ్యవస్థ పాత్ర ఉందన్న వార్త చదవగానే చాలామందికి ఒకటే తోస్తుంది. రోగనిరోధక శక్తి తిరగబడితే స్టెరాయిడ్ ఇస్తారు కదా, మరి కంటికీ స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే సరి అని. వద్దు. చేతులు జోడించి చెబుతున్నాను, ఆ పని చేయకండి. స్టెరాయిడ్ చుక్కలు కంటి ప్రెషర్‌ను పెంచుతాయి. కొన్ని వారాలు వాడితే మామూలు జనంలోనే దాదాపు మూడో వంతు మందికి ప్రెషర్ ఎంతో కొంత పెరుగుతుంది. నూటికి నాలుగైదుగురికి బాగా పెరుగుతుంది. నీటికాసులు ఉన్నవాళ్లకు, వాళ్ల రక్తసంబంధీకులకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. నరాన్ని కాపాడబోయి నరాన్ని చంపుకున్నట్టవుతుంది.

మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండానే ఈ చుక్కలు చేతిలో పెడతారు. కళ్లు ఎర్రబడ్డాయంటే డెక్సామెథసోన్ కలిసిన సీసా. దురదంటే బీటామెథసోన్ కలిసిన సీసా. ఎండాకాలం వచ్చిందంటే కళ్లు నలుపుకునే పిల్లలకు తల్లులు పాత చీటీతో అదే మందు ఏళ్లకేళ్లు తెచ్చి వేస్తారు. వేసిన గంటకే ఎరుపు పోతుంది, పిల్లవాడు ఆడుకుంటాడు, తల్లికి ఊరట. లోపల ప్రెషర్ పెరుగుతున్న సంగతి ఎవరికీ తెలియదు. పదో తరగతి చదివే పిల్లలు ఇలా చూపు పోగొట్టుకున్నారంటే కడుపు తరుక్కుపోతుంది. ఇది పూర్తిగా ఆపగలిగిన గుడ్డితనం. ఇంట్లో ఉన్న కంటి చుక్కల సీసాలన్నీ ఇవాళే బయటికి తీయండి. సీసా మీది మందుల పేర్లలో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ ఉంటే కంటి డాక్టరుకు చూపించకుండా ఇక ఒక్క చుక్క వేయకండి. డాక్టరే రాసి ఇంకా వాడుతున్నవైతే మీ అంతట మీరు ఆపకండి, ఆయన్ను అడగండి. మందుల షాపు నడిపే సోదరులకూ ఒక మనవి. చీటీ అడగండి. మీకు పోయేది ఒక్క సీసా అమ్మకమే.

కీళ్లవాతానికో, లూపస్‌కో, ఉబ్బసానికో స్టెరాయిడ్ మాత్రలు, పీల్చే మందులు వాడేవారు వాటిని ఆపకండి. కంటి ప్రెషర్, కంటి నరం మాత్రం మధ్యమధ్య చూపించుకోండి.

ఇంకో ప్రమాదం కూడా కనబడుతోంది. కంటి నీటిలో ప్రొటీన్ల మార్పు ముందే తెలుస్తుందన్న మాట బయటికి రాగానే, ఆ పేరు చెప్పి పరీక్షలు అమ్మేవాళ్లు రావచ్చు. కంటి లోపలి నీరు వేలు గుచ్చి తీసే రక్తం లాంటిది కాదు. ముందరి నీరు మొత్తం కలిపి పావు మిల్లీలీటరు. తీయాలంటే సూది కంట్లోకి దిగాలి. ఇన్ఫెక్షన్ సోకితే కన్నే పోవచ్చు. పరిశోధన కోసం మనుషుల నుంచి ఈ నీటిని తీసుకునేది సాధారణంగా శుక్లం ఆపరేషన్‌కో, నీటికాసుల ఆపరేషన్‌కో ఎలాగూ కన్ను తెరిచినప్పుడు, అదీ రోగి అనుమతితో. జబ్బును పట్టుకోవడానికి ఆసుపత్రుల్లో రోజువారీగా వాడే ప్రొటీన్ పరీక్ష నేటికి లేదు. ఇమ్యూనిటీ పెంచి నీటికాసులు తగ్గించే పొడులూ చుక్కలూ అసలే లేవు. పెంచడం సరే, ఆ ఎలుకల్లో కన్ను చెడింది రక్షణ వ్యవస్థ ఎక్కువ పనిచేసే!

ఎలుకల్లో పనిచేసిందని మనం మింగేయడం కొత్త కాదు. 2017లో అమెరికాలోని జాక్సన్ ల్యాబ్‌లో విటమిన్ బి3 చిట్టెలుకల కంటి నరాన్ని కాపాడింది. ఆశ కలిగించే ఫలితమే, మనుషుల మీద పరీక్షలూ జరుగుతున్నాయి. ఈలోగా కొందరు గ్రాముల లెక్కన సొంతంగా మింగడం మొదలుపెట్టారు. ఆ మోతాదులో అది కాలేయాన్ని దెబ్బతీయగలదు. డాక్టరు చెప్పనిదే వద్దు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు నీటికాసులకు డాక్టరు రాసిన చుక్కలు మానేయడం. ప్రెషర్ కారణం కాదట, మరి ప్రెషర్ తగ్గించే చుక్కలెందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ తర్కం కన్ను తీస్తుంది. ప్రెషర్ మామూలుగా ఉన్న రోగుల మీదే ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 1998లో వచ్చాయి. వైద్యం లేకుండా వదిలేసిన కళ్లలో 35 శాతం ఇంకా దిగజారాయి. ఉన్న ప్రెషర్‌ను మరో 30 శాతం తగ్గించిన కళ్లలో 12 శాతమే దిగజారాయి. దెబ్బ ఏ వైపు నుంచి వచ్చినా, బలహీనపడిన నరానికి మామూలు ప్రెషర్ కూడా బరువే. ఆ బరువు దించడం ఒక్కటే ఇప్పటికి మన చేతిలో ఉన్న మందు.

అందుకే చుక్కలు రోజూ వేసుకోండి. చూపు మెరుగుపడలేదని మానకండి. అవి చూపు పెంచడానికి కావు, ఉన్నది పోకుండా చూడటానికి. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టండి. రెండు రకాల చుక్కలుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతి కంటి డాక్టరుకు తప్పక చెప్పండి, ప్రెషర్ తగ్గించే టిమొలాల్ చుక్కలు వాళ్లకు ఊపిరాడకుండా చేయగలవు. బీపీ మాత్ర రాత్రి వేసుకునే వాళ్లు అదీ చెప్పండి. నిద్రలో బీపీ మరీ పడిపోతే కంటి నరానికి రక్తం సరిగా అందకపోవచ్చు. మాత్ర వేళ మార్చాలా వద్దా అన్నది డాక్టర్లు తేలుస్తారు. మీ అంతట మీరు ఆపకండి. పిల్లల దగ్గరికని ఆరు నెలలు అమెరికా వెళ్లే పెద్దలు బీపీ, షుగర్ మందులు సంచి నిండా సర్దుకుంటారు, కంటి చుక్కలు మాత్రం నెలకు సరిపడానే పట్టుకెళతారు. సరిపడా తీసుకెళ్లండి, చీటీ కూడా వెంట ఉంచుకోండి.

ఇంతసేపూ నొప్పి లేని రకం గురించే చెప్పాను. ఉన్నట్టుండి విరుచుకుపడే రకం మరొకటి ఉంది. ఒక కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, అటువైపే తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు, చూపు మసక. పైత్యమనో, పార్శ్వపు నొప్పి అనో మాత్ర వేసుకుని పడుకోకండి. తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే కంటి ఆసుపత్రికి వెళ్లండి.

చివరిగా ఒక్క పని చేసిపెట్టండి. నీటికాసులున్న వారి తోబుట్టువులకు, పిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికన్నా దాదాపు పదింతలని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. మీకు ఈ జబ్బుంటే దాచుకోకండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇవాళే మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఫోన్ చేయండి. 40 దాటిన మీ పిల్లలకు చేయండి. ప్రెషర్ ఒక్కటే చూపించుకుని వచ్చేయవద్దని, చుక్కలు వేయించుకుని కంటి నరం చూపించుకోమని చెప్పండి. వాళ్లు వెళ్లేదాకా మళ్లీ మళ్లీ చెప్పండి.